శిలపై నిలిచిన ఆయుధములు

చెన్నపట్టణమునందలి తెలుగువారు పూర్వము ఎగ్మూరు మ్యూజియమును "చచ్చిన కాలేజి" అనియు, జంతు ప్రదర్శనశాలను "బ్రతికిన కాలేజి" అనియు పిలుచుచుండెడివారు. హాస్యమునకు పుట్టిన పేర్లే యైనను వానిలో కొంత నిజము లేకపోలేదు. అద్దాల బీరువాలలో పేర్చిన వస్తువులను చూచి, "అన్నియు పాతవే" యని యొక మాట యని, బయట నున్న వేరుసెనగకాయల బండికడకు నడచుటయే మనలో పలువురి వాడుక. ఆనేకల్లునుండి బెంగళూరునకు కోర్టు పనికో, ఆసుపత్రికో, పెండ్లి బట్టలకో పోవు మన కుటుంబములవారు కబ్బన్ పార్కు ప్రక్కనున్న యెఱ్ఱని మ్యూజియము ఎదుటనుండి ఎన్ని సారులు సాగిపోయిరో లెక్కలేదు. అచట చేరిన శిలలలో నొకటి మన తాలూకా పొలిమేరల కథనే చెప్పుచున్నదని తెలిసినచో ఆ నడక కొంత నెమ్మదించునని మా నమ్మిక.

ఈ మ్యూజియము 1865లో స్థాపింపబడినది. చెన్నపట్టణపు మ్యూజియమునకు తొలి అధికారియైన ఎడ్వర్డు బాల్ఫోరు అను వైద్యుడు దీనికిని మూలపురుషుడు. నాటి మైసూరు చీఫ్ కమిషనరు బౌరింగు దొర ప్రోత్సాహము దీనికి కలిగినది. మొదట దండునందు ఒక కట్టడమున నుండెను. మ్యూజియము రోడ్డు అను పేరు నేటికిని ఆ సంగతికి సాక్షి. 1877లో కల్నలు శాంకీ కట్టించిన ఇప్పటి భవనమునకు మారినది. హళేబీడు శిల్పములు, చంద్రవల్లి త్రవ్వకములలోని వస్తువులు, మొహెంజొదారోనుండి వచ్చినవి, నాణెములు, శాసనములు, ఆయుధములు ఇందు చేర్చబడినవి. మేము ఇందు ముఖ్యముగా ఆయుధములను గూర్చియే ముచ్చటింపదలచితిమి. ఏలయన, పిల్లలు మ్యూజియమున మొట్టమొదట పరుగెత్తునది కత్తులయొద్దకే.

ఆయుధములలో అన్నిటికంటె పాతవి రాతివి. ఇనుమునకు పూర్వము మన దక్షిణదేశమున మనుష్యులు నల్లని గట్టిరాతిని చెక్కి, నూఱి, నునుపుచేసి గొడ్డళ్ళను చేసికొనిరి. బళ్ళారి, అనంతపురము, రాయచూరు సీమలలో ఇట్టివి దండిగా దొరకినవి. వానకు మన్ను కొట్టుకొనిపోయి పైకి తేలిన ఆ రాళ్ళను చూచి పల్లెవారు పిడుగుతో కూడ ఆకాశమునుండి పడినవని తలంచి పిడుగురాళ్ళనిరి. కొందరు వానిని గ్రామదేవతల గుడులలోను, రావిచెట్ల క్రింద నాగప్రతిమల సరసను ఉంచి పసుపు కుంకుమలు పెట్టిరి. రాబర్టు బ్రూసు ఫూటు అను భూగర్భ శాస్త్రజ్ఞుడు 1863లో చెన్నపట్టణము చెంత పల్లావరమున ఇంతకంటెను ప్రాచీనమైన రాతిపనిముట్టును గుర్తించి, పిదప నలుబది యేండ్లు దక్షిణదేశమంతయు తిరిగి ఇట్టి రాళ్ళను ప్రోగుచేసెను. ఆయన కూర్చిన సంపుటియంతయు చెన్నపట్టణపు మ్యూజియమునకు చేరినది. పూజలో నుండుటవలన ఎన్నియో రాళ్ళు పగులక మిగిలినవి; కాని ఏ పొలమునుండి వచ్చినవో చెప్పువారు లేక పోయిరి.

రాతి తరువాత ఇనుము. తెలుగునాట రాక్షసగుళ్ళనియు, కన్నడసీమలో మోరియర మనెలనియు పిలువబడు పెద్దబండల సమాధులను త్రవ్వినపుడు ఎఱుపు నలుపు కుండలతో కూడ ఇనుప బల్లెపు మొనలు, బాకులు, అమ్ములు, గొడ్డళ్ళు కనబడును. 1947లో చిత్రదుర్గము జిల్లా బ్రహ్మగిరియందు మార్టిమరు వీలరు దొర జరిపించిన త్రవ్వకము ఈ సమాధుల కాలమును నిర్ణయించుటకు మార్గము చూపెను. మనకు ఇంకను సమీపమున, హొసకోటె తాలూకా జడిగేనహళ్ళియందు 1957లో శేషాద్రిగారు ఇట్టి సమాధులను త్రవ్వించిరి. మన యూరినుండి ఒక పూట ప్రయాణమునకు మించని దూరమున రెండువేల యేండ్లకు మించిన పూర్వులు తమవారిని ఇనుప వస్తువులతో కూడ పాతిపెట్టిరన్నమాట.

ఇనుమునకు ఆయుస్సు తక్కువ. బంగారు నాణెము మన్నులో వేయేండ్లున్నను మెఱయును. ఇనుప కత్తి నూరేండ్లకే పొరలు పొరలుగా రాలును. మన్నులోని ఉప్పు దానిలోనికి ఎక్కి, పైకి తీసిన తరువాత గూడ గాలిలోని తేమతో చేరి లోలోపల తినుచుండును. అందువలననే మ్యూజియమువారు త్రవ్వకమున వచ్చిన ఇనుమును ముందుగా ఉప్పు దిగునట్లు పలుమారులు నానబెట్టి, ఆరబెట్టి, మైనము వంటి పూత పూసి ఉంచుదురు. ఇచట గృహిణులకు ఒక మనవి. ఇల్లు కట్టుటకు పునాది త్రవ్వునపుడు ఏదేని పాత ఇనుప ముక్క దొరకినచో చింతపండు, ఇసుక వేసి ఇత్తడి చెంబును తోమినట్లు తోమరాదు. తోమినచో మిగులునది చేతినిండ తుప్పే.

మన దేశపు ఉక్కునకు ఒకనాడు లోకమున గొప్ప పేరుండెను. చిన్న మట్టిమూసలో ఇనుమును, కొన్ని చెట్ల కొమ్మలను, ఆకులను పెట్టి, మూతి మూసి, కొలిమిలో గంటల తరబడి కాల్చి తీసిన ముద్ద నుండి సాగగొట్టిన కత్తియలుగునకు నీటి అలలవంటి చారలు కలుగును. తెలంగాణమున నిజామాబాదు జిల్లా కోనసముద్రము ఈ పనికి పేరొందినది. 1820ల నాటికి గూడ పారసీక వర్తకులు అచటికి వచ్చి ఉక్కును కొనిపోవుచుండిరి. దమస్కు కత్తులని ప్రపంచము కొనియాడినవానికి మూలమైన ముద్దలు ఇట్టివే. 1800లో మైసూరు దేశమున పర్యటించిన బుకానను దొర మధుగిరి ప్రాంతమున ఉక్కు చేయువారి మూసలను, కొలుములను చూచి వివరముగా వ్రాసికొనెను. ఆ పనివారిలో ఒక్కని పేరైనను మ్యూజియపు కత్తులపై లేదు. పిడికి బంగారు పూత పూయించిన రాజు పేరు మాత్రము ఉండును.

ఆయుధములుంచిన బీరువాల ఎదుట నిలిచినపుడు మాకు తోచునది ఇదియే. కఠారులు, వంకకత్తులు, డాళ్ళు, తుపాకులు చూచుటకు ముచ్చటగా నున్నవి. కాని మా మనుమడు అద్దమునకు ముక్కు ఆనించి, "తాతా, ఈ కత్తి ఎవరిది? ఎవరితో పోరాడినాడు?" అని అడిగినపుడు మేము బదులు చెప్పలేక పోతిమి. ఏ దేశపు మ్యూజియమునందైనను రాజుల ఆయుధశాలలనుండి, దొరల ఇండ్లనుండి, వేలములనుండి వచ్చిన ఆయుధములకు ఈ లోపము సహజము. అవి చేతులు మారునపుడు ఊరి పేరు ఊడిపోవును. మేము ముప్పది యేండ్లకు పైగా గుమాస్తాగా రిజిస్టర్లు వ్రాసినవారము. వచ్చిన కాగితముపై తేదీయు, ఎచటినుండి వచ్చినదియు వ్రాయనిచో, అది ఎంత ముఖ్యమైనదైనను పదియేండ్ల తరువాత చిత్తుకాగితమే. 1891లో యశవంతపురము చెంత రైలుమార్గపు పనులలో 163 రోమను వెండి నాణెములు దొరకినవి. దొరకిన చోటు, సంఖ్య వ్రాయబడినందుననే, ఆ కాలమున సముద్రము దాటి వచ్చిన సొమ్ము మన బెంగళూరు మెట్టకు గూడ చేరినదని నేడు ధైర్యముగా చెప్పగలుగుచున్నాము. అవే నాణెములు ఒక షరాబు కొట్టునందు కనబడినచో వానికి వెండి వెల మాత్రమే.

చోటు తెలిసినందున విలువ పెరిగిన ఆయుధములకు మరియొక నిదర్శనము శివమొగ్గ జిల్లాలోనిది. అచటి నగర అను ఊరి కోట ప్రాంతమున ఒక పాడుబావిని 2018లో త్రవ్వగా హైదరు, టిప్పుల కాలపు ఇనుప రాకెట్లు వేయికి పైగా బయటపడినవి. వెదురుబొంగులకు బదులు ఇనుప గొట్టములలో మందు కూరుటయే వీని ప్రత్యేకత. వీని దెబ్బ తిన్న ఆంగ్లేయులే 1804 తరువాత కాంగ్రీవు చేత తమ దేశమున ఇట్టివి చేయించుకొనిరి. బావిలో దొరకిన గొట్టములు మడ్డి పట్టిన నీళ్ళపైపులవలె కనబడును. ఐనను కోట తెలిసినది, బావి తెలిసినది గనుక వానిని చరిత్రకారులు అంత ఆదరముతో చూచుచున్నారు.

ఇక మేము ముందు చెప్పిన శిలకు వత్తుము. బేగూరు మన తాలూకాకు పొరుగు. అచటి పంచలింగ నాగేశ్వరాలయము గంగరాజుల నాటిది. ఆ యూర నిలిచియుండి, పిదప బెంగళూరు మ్యూజియమునకు చేరిన వీరగల్లు సుమారు 900 నాటిది. శిలపై అక్షరములు తక్కువ చోటనే యున్నవి, తక్కినదంతయు యుద్ధమే. ఏనుగులు, గుఱ్ఱములు, కాలిబంట్లు ఒకరిపై నొకరు త్రొక్కిసలాడుచుందురు. కత్తి, డాలు, విల్లు పట్టిన చేతులు స్పష్టముగా తెలియును. క్రింద పడిన దేహములును కలవు. గంగల నాటి సైనికుడు కత్తిని ఎట్లు పట్టెనో, డాలు ఎంత యుండెనో తెలిసికొనుటకు ఏ అద్దాల బీరువాలోని తుప్పు ముక్కయు ఇంత సాయము చేయజాలదు.

శాసనమునందలి విషయమిది. గంగరాజైన ఎరెయప్ప, వీరమహేంద్రునిపై పోరుచున్న అయ్యపదేవునకు సాయముగా నాగత్తరుడను సామంతుని సేనతో పంపెను. తుంబెపాడి యను చోట పోరు జరిగెను. నాగత్తరుడు ఏనుగుల నెదిరించి, పొడిచి, మరణించెను. ఆ వార్త విని ఎరెయప్ప మెచ్చి, ఇరుగుడను వానికి నాగత్తర పట్టము కట్టి, బెంపూరు పండ్రెండు గ్రామములను కల్నాడుగా ఇచ్చెను. బెంపూరన్నది నేటి బేగూరే. కల్నాడనగా వీరుడు పడినందులకు ఇచ్చు మాన్యము. తెలుగున రక్తమాన్యమన్నచో మనవారికి సులభముగా తెలియును. ఆ గ్రామముల జాబితాలో ఇగ్గలూరను పేరు గలదు. అదే పేరుతో మన తాలూకాయందు చందాపురము చెంత నేటికిని ఒక గ్రామము నిలిచియున్నది. అచట చుట్టరికములున్నవారు ఈ సంచిక చదువువారిలోను ఉందురు. బస్సు బోర్డుపై నిత్యము చదువు పేరు పదకొండు వందల యేండ్ల నాటి శిలపై నున్నదనుట చిన్న సంగతి కాదు. బేగూరు గుడిలోని మరియొక శాసనము నాగత్తరుని ఇంటివాడొకడు "బెంగళూరు కలహము"న మరణించెనని చెప్పుచున్నది. బెంగళూరను పేరు అంత ప్రాచీనమని తెలిసినది గూడ ఇట్టి వీరశిలవలననే. ఉడికిన చిక్కుడుగింజల కథ చెప్పువారు చెప్పుకొనవచ్చును, వినుటకు బాగున్నది.

ఈ శాసనమున చెప్పిన వీరమహేంద్రుడెవరు? అతడు నొళంబరాజు. నొళంబుల రాజధాని హెంజేరు, నేటి హేమావతి. అది మడకశిర చెంత ఆంధ్రప్రదేశమున, 2022లో ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో నున్నది. అచటి నల్లరాతి స్తంభములు, విగ్రహములు కొన్ని చెన్నపట్టణపు మ్యూజియమున నున్నవి. కాబట్టి బేగూరు యుద్ధమును కన్నడరాజునకును తెలుగురాజునకును జరిగిన పోరని చెప్పవలెనని కొందరికి నోరూరును. మేము ఆ మాటను ఒప్పుకొనము. నొళంబులు తమ శాసనములను ఎక్కువగా కన్నడమున వేయించిరి. ఇంకను వినుడు. చిత్తూరు, కడప సీమలలో వైదుంబరాజుల కాలపు వీరశిలలు తెలుగున చెక్కబడినవి కలవు. వానిలో సోరెమడి యను చోట జరిగిన మహాయుద్ధము పేర్కొనబడినది. ఆ యుద్ధమున బాణులు, వైదుంబులు ఒక ప్రక్క. గంగులు, నొళంబులు వేఱొక ప్రక్క. అనగా సోరెమడిలో భుజము భుజము కలిపి నిలిచిన రెండు వంశములే తుంబెపాడిలో ఒకరినొకరు పొడుచుకొనిరి. భాషను బట్టి కత్తి దూయుట ఆ కాలపువారికి తెలియదు. పన్ను, పశువు, నేల, ఏలిక మాట, ఇవే వారికి కారణములు. ఇంట తెలుగును, బజారున కన్నడమును, పొలిమేర దాటి హొసూరు పోయినచో తమిళమును మాటలాడు మనకు ఈ సంగతి వేఱుగా బోధింపనక్కరలేదు గాని, "మీరెక్కడివారు?" అని పిల్లలను బడిలో ఎవరైన అడిగినపుడు చెప్పుటకు పనికివచ్చును.

ఆయుధముల పేర్లను చూచినను ఈ చుట్టరికమే కనబడును. మన ప్రబంధములలో కత్తికి వాలు అను మాట కలదు. కన్నడ శాసనములలో అది బాళు, తమిళమున వాళ్. మన విల్లు వారికి బిల్లు, తమిళులకు విల్. మన అమ్ము ఇరువురికిని అంబు. కత్తియు ఈటెయు మూడిండ్లలోను కొద్ది మార్పుతో అవియే. కొలిమి దగ్గఱ పుట్టిన మాటలకు తాలూకా సరిహద్దులు లేవు.

బాళు అను మాటను గూర్చి చెప్పునపుడు అదే మ్యూజియమునందలి ఆతకూరు శిలను విడుచుటకు వీలులేదు. మండ్య జిల్లా మద్దూరు తాలూకాలోని ఆతకూరునుండి తెచ్చిన శిల ఇది. శకవర్షము 872, అనగా 949-50 నాటిది. అరక్కోణము సమీపమున తక్కోలమునందు రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణునకును చోళులకును జరిగిన గొప్ప యుద్ధమునందు కృష్ణుని పక్షమున పోరిన గంగరాజు రెండవ బూతుగుడు చోళ యువరాజైన రాజాదిత్యుని చంపెను. దక్షిణదేశ చరిత్రను త్రిప్పిన ఈ సంగతి ఆ శిలపై వ్రాయబడియున్నది. ఐతే శిలను నిలిపినది దానికొఱకు కాదు. ఒక కుక్క కొఱకు!

బూతుగుని భటులలో మణలేరుడను వీరుడు ఆ యుద్ధమున మెప్పు పొందెను. ఏమి కావలెనో అడుగుమని రాజు పలుకగా, అతడు బంగారము నడుగలేదు, ఊరు నడుగలేదు. కాళి యను వేటకుక్కను ఇమ్మనెను. రాజు ఇచ్చెను. పిమ్మట ఆ కాళి యొక పెద్ద అడవిపందిపై బడి, దానిని చంపి తానును చచ్చెను. మణలేరుడు ఆతకూరి చల్లేశ్వరాలయము ముందు దానికి శిలను నాటించి, పొలమును విడిచెను. ఆ పొలము ననుభవించు గొరవడు, అనగా శైవ పూజారి, ఆ శిలకు పూజ చేయక భుజించినచో పాపము పొందునని శాసించెను. శిలపై కుక్కయు పందియు కలబడుట చెక్కబడియున్నది. మా మనుమడు కత్తులను విడిచి దీని ముందు నిలిచిపోయెను. తక్కోలము యుద్ధమును వానికి చెప్పుటకు అదే మంచి తరుణమని మేము చెప్పితిమి. ఎంత వినెనో తెలియదు, కుక్క పేరు మాత్రము మఱువలేదు.

ఈ శాసనముననే బూతుగుడు మణలేరునకు ఆతకూరు పండ్రెండును మరియొక గ్రామమును "బాళ్గచ్చు"గా ఇచ్చెనని యున్నది. బాళు కత్తి, కచ్చు కడుగుట. కత్తి కడిగిన మాన్యము! యుద్ధమున నెత్తురంటిన వీరుని కత్తిని కడిగి ఇచ్చు ఈనామునకు ఇంత చక్కని పేరు. మణలేరుని కత్తి యేమయ్యెనో, ఏ కొలిమిలో కరగి కొడవలి యయ్యెనో! ఆ కత్తిని కడిగిన మాట మాత్రము వేయేండ్లకు పైగా నిలిచియున్నది.

కత్తులే పూజలో నిలిచిన చోటు తెలుగునాట ఒకటి గలదు. పల్నాటియందు నాగులేటి యొడ్డున కారెంపూడిలో వీరుల గుడి యున్నది. ఏటేట కార్తిక అమావాస్యతో ఆరంభించి అయిదు దినములు అచట వీరారాధన జరుగును. వీరుల వంశములవారమని చెప్పుకొను ఆచారవంతులు కొణతములను పేర తమ ఇండ్లలో దాచిన ఆయుధములను తెచ్చి, కడిగి, అలంకరించి ఊరేగింతురు. మందపోరు, కోడిపోరు వంటి ఘట్టములు దినమున కొకటి చొప్పున నడచును. అద్దాల బీరువాలో నున్న కత్తికిని దీనికిని భేదమేమన, ఇచట ప్రతి కొణతమునకు పేరును, ఇల్లును, మ్రొక్కును కలవు. మన ఇండ్లలో మహర్నవమినాడు పీటపై పెట్టు ముత్తాతల బాకునకును ఒకప్పుడు ఇట్టి కథ యుండెను. ముసలివారు పోయినపుడు కథ పోవును. పిదప రెండు మూడేండ్లకు బాకును పాత ఇనుము వానికి తూకమున పోవును.

మన ఆనేకల్లునకు వత్తము. ఆనేకల్లనగా కన్నడమున వడగల్లు. ఏనుగులతో దానికి పనిలేదు. పదునేడవ శతాబ్ది ఆరంభమున సుగటూరు ప్రభువులు ఇచట కోట కట్టించిరి. 1760లో ఖండేరావు తిరుగబడగా శ్రీరంగపట్టణమునుండి రాత్రికి రాత్రి పారిపోయి వచ్చిన హైదరాలీ మొదట చేరినది ఈ కోటకే. అతని బావమఱది ఇస్మాయిలాలీ ఇచట అధికారిగా నుండెను. ఇచటినుండియే హైదరు బెంగళూరును చేజిక్కించుకొని మరల తలయెత్తెను. అట్టి ఊరి చుట్టును, చెఱువు కట్టలపైన, గుడి ప్రాకారముల చెంత, రాగి చేలలో వీరగల్లులు నిలిచియున్నవి. బి. ఎల్. రైసు దొర కూర్పించిన ఎపిగ్రాఫియా కర్ణాటికా తొమ్మిదవ సంపుటము 1905లో వెలువడినది. అందు బెంగళూరు జిల్లా శాసనములలో మన తాలూకావి వేఱుగా సంఖ్యలతో ముద్రింపబడియున్నవి. కన్నడము, తమిళము, తెలుగు మూడును ఈ జిల్లా శిలలలో కలవు. ఒక ఎద్దుబండియు, కాగితపు అచ్చులు తీయు కుంచెయు పెట్టుకొని ఆనాటివారు చేసిన ఆ పని చూచినపుడు రిజిస్టరు వ్రాసిన చేయి గలవారికి గౌరవము కలుగక మానదు.

అక్షరములు లేని వీరగల్లులు ఆ సంపుటమున ఎక్కలేదు. ఒక చేత కత్తి, ఒక చేత డాలు, ప్రక్కన ఆలమంద, పైన శివలింగము, అంతే, పేరు లేదు. పశువుల దొంగలను తఱిమి చచ్చిన పల్లెవాడు ఎవరో. ఇప్పుడు లేఅవుట్లు వేయువారి యంత్రము ముందు వీనికే ముప్పు. కొన్ని కాలువలకు మూతలైనవి, కొన్ని బట్టలుతుకు బండలైనవి. మేలు చేయబోయి కొందరు గుడి పెద్దలు వానికి రంగు నూనెలు పూయుదురు. ఆ పూత క్రింద గీతలన్నియు పూడిపోవును. వానిని పెకలించి మ్యూజియమునకు పంపుటయే మేలని వాదించువారు కలరు. బేగూరు శిల అట్లు పోయినందుననే ఎండవానలనుండి కొంత తప్పించుకొన్నదనుట నిజము. కాని బేగూరు శిలకు తన యూరి పేరు తనపైననే యున్నది. పేరు లేని శిలకు అది నిలిచిన చేను, చెఱువు, దారియే శాసనము. దానిని కదిపినచో రాయి మిగులును, వీరుడు పోవును. కదుపక తప్పనిచో ముందుగా చోటును వ్రాసికొని, నాలుగు వైపులనుండి ఛాయాచిత్రములు తీసి, పురాతత్త్వ శాఖవారికి తెలిపి, అదే యూరి గుడి ఆవరణమున నిలుపుట తగును.

1909లో స్థాపింపబడిన బెంగళూరు మిథిక్ సొసైటీవారు 2021లో ఈ జిల్లా శాసనశిలలను కంప్యూటరుకు ఎక్కించు పనిని చేపట్టిరి. శిలను కదుపకయే వెలుగు కిరణములతో దాని మిట్టపల్లములనన్నిటిని కొలిచి పట్టుకొందురు. కంటికి కనబడని అక్షరము గూడ అందు తేలును. రైసు దొర చూచిన శిలలలో కొన్ని ఇప్పుడు ఆచోట కనబడుట లేదు. అచట ఏ ఇంటి గోడలోనో, ఏ నూతి వరలోనో ఉండవచ్చును. చేనులో శిల గలవారు, పాత శిలను ఇంటి మెట్టుగా వేసిన సంగతి తాతల నోట వినినవారు ఊరి పేరు, చేని పేరు, చెఱువునుండి ఎన్ని గజములో వ్రాసి మన సంఘపు కార్యదర్శి గారికి పంపినచో మేము ఒక పుస్తకమున వరుసగా ఎక్కించెదము. రూళ్ళు గీసిన రెండు వందల పుటల పుస్తకము ఇప్పటికే సిద్ధముగా నున్నది. అందు ఇగ్గలూరునకు మొదటి పుటను విడిచితిమి.